మాలుమి గారి దారుల పుస్తకం

అల్లా కాపుదలలో బాలేశ్వరం రేవున ఉంటున్న మా వారు, ఓడలకి దారి చూపే ఇద్రీసు మాలుమి గారి సముఖానికి, మాలె దీవి నుంచి మీ రాహిలా సలాములు చెప్పుకుని రాసేది. ఇక్కడ మీ అమ్మగారు, మన అమ్మాయి నసీబా, అల్లుడు అయ్యూబు, నేను ప్రాణాలతో, ఆరోగ్యంతో ఉన్నాం. మీరూ, ఓడలోని మనవాళ్ళూ అలాగే ఉండాలని అయిదు పూటలా అడుగుతున్నాను. "ప్రాణాలతో" అని ఎందుకు రాశానా అని మీకు అనుమానం వస్తుంది. చదువుతూ పోతే తెలుస్తుంది.

గాలి మారకముందు వచ్చిన చివరి కొలంబో పడవలో మీ ఉత్తరం అందింది. ఓడ అడుగు పలకల్ని పురుగు తినేసిందనీ, బాగుచేసుకునేసరికి ఇంటికి తెచ్చే గాలి దాటిపోయిందనీ చదివినప్పుడు అత్తయ్య రెండు రోజులపాటు బెంగాలు పురుగుల్ని పేరుపేరునా తిట్టింది. మీరు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. అత్తయ్య కుడికన్ను పూర్తిగా మసకబారింది. ఎవరి తప్పు ఎక్కడుందో మాత్రం ఆ మిగిలిన కంటితోనే కనిపెట్టేస్తోంది. ఇంటిమీద కొత్త కొబ్బరాకు తడకలు వేయించాం, పడమటి గోడవైపు తప్ప ఎక్కడా కురవడం లేదు. పెరటి సీమపనస విరగకాసింది. నసీబాకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. ముక్కు మీదే అని అందరూ అంటున్నారు, నేను మాత్రం ఆ పిల్ల మంచి కోరి ఒప్పుకోలేదు. వానలు వెలిసిన రోజుల్లో సముద్రపు దారుల పుస్తకాన్ని ఎండలో పెడుతున్నావా, చెమ్మ తగలకుండా పెట్టెలో లవంగాలు వేశావా అని మీరు రెండుచోట్ల అడిగారు. దాని సంగతి కిందికి రాస్తాను. ముందు ఈ ఏడు మన ఊరికి వచ్చిన అతిథుల గురించి చెప్పాలి, లేకపోతే అది అర్థం కాదు.

పడమటి గాలి మొదలైన పన్నెండో రోజున కొలంబో కోటని ఏలే వలందా దొరల ఓడ ఒకటి నడిమి తెరచాప కొయ్య విరిగి, కుంటుకుంటూ మన దీవుల అంచుకి కొట్టుకొచ్చింది. సుల్తాను మనుషులు వెళ్ళి లోపలికి తెచ్చారు. యాభైముగ్గురు మనుషులు, అందులో పద్నాలుగు మంది జ్వరంతో లేవలేని స్థితిలో ఉన్నారు. ఆనవాయితీ ప్రకారం ఓడ చుక్కాని విప్పించి గట్టు మీదికి మోయించారు. మందుగుండు, తుపాకులు కోటలోకి వెళ్ళాయి. మధ్యాహ్నం డప్పు వేసి సుల్తాను మాట చాటారు.

"వీళ్ళు గాలి తరిమితే మన గడప తొక్కినవాళ్ళు. గాలి తిరిగేదాకా సుల్తాను అతిథులు. వీళ్ళ మీద చెయ్యెత్తినవాడు సుల్తాను మీద ఎత్తినట్టే. వీళ్ళకి నీళ్ళలో దారి చెప్పినవాడు రాజ్యాన్ని అప్పగించినట్టే!"

అత్తయ్య అరుగు మీద కూర్చుని విని, "ఏమే రాహిలా, అన్నం పెట్టమంటాడు, దారి చెప్పొద్దంటాడు. అన్నం తిన్నవాడికి దారి అడిగే నోరు రాదా?" అంది. అప్పుడు నవ్వాను.

రేవు పేటలో ఇంటికి ఇద్దరు చొప్పున పంచారు. ఇంట్లో అయ్యూబు ఉన్నాడు కాబట్టి మనకూ తప్పలేదు. తెరచాపలు కుట్టుకునే బయటి పాకలో ఇద్దరికీ చాపలు వేశాం. ఒకతను మార్టెన్, ఓడలో రెండో మాలుమి. పొడుగ్గా, ఎముకలగూడులా ఉంటాడు. లంకలోని గాలె రేవులో చాలా ఏళ్ళున్నాడట, సింహళం వచ్చు. అది మన మాటకి పినతల్లి కూతురు కదా, సగం తెలిసేది, సగం చేతులతో తీర్చుకునేవాళ్ళం. రెండో అతను కొర్నేలిసు, తెడ్డు వేసేవాడు. గుమ్మంలో ఇమడని మనిషి, ఎర్రటి గడ్డం. మార్టెన్ వచ్చిన రోజే జ్వరంతో పడ్డాడు. మాలె జ్వరం పరాయివాళ్ళని ఎలా తింటుందో మీకు తెలుసు. పంతొమ్మిది రోజులు గంజి పోశాను. తొమ్మిదో రోజున శవం మీద కప్పే గుడ్డ కూడా సిద్ధం చేశాం. బతికాడు.

కొర్నేలిసుకి ఒక్క మాటా రాదు. అయినా అత్తయ్యకి రోజూ అతనితోనే జగడం. కట్టెలు కొట్టిపెడితే, "అంత సన్నగానా? పొయ్యిలోకా, పళ్ళు కుట్టుకోవడానికా?" అని ఆవిడ దులిపేసేది. అతను తన భాషలో ఏదో గట్టిగా జవాబిచ్చేవాడు. ఈవిడ ఇంకోటి అనేది. ఇద్దరూ అలా ఒక ఘడియసేపు పోట్లాడుకుని, చివరికి అతను నవ్వుతూ నీళ్ళ కుండ ఎత్తుకుని బావికి వెళ్ళేవాడు. "వీడు నా మాట వింటాడు. నా కొడుకు వినడు," అనేది.

ఇదంతా సరదాగా రాస్తున్నానుగానీ రోజులు సరదాగా లేవు. నలభై రోజులు సూర్యుడు ముఖం చూపించలేదు. దోనెలు నీళ్ళలోకి దిగలేదు. బియ్యం మీరు తెస్తేనే కదా. మీరు రాలేదు, ఉన్న గిడ్డంగి అడుగు కనిపించింది. సుల్తాను ఆజ్ఞ ప్రకారం బియ్యం ముందు అతిథులకి, తర్వాత మనకి. మేం చేమదుంపలు, సీమపనస, ఎండు సూర చేప పులుసుతో సరిపెట్టుకున్నాం. బావి దగ్గర ఆడవాళ్ళు మాట్లాడటం మానేశారు. మాట్లాడితే, "మీ దొరలకి అన్నం అరిగిందా వదినా?" అనేవాళ్ళు. ఒకరోజు ఎవరో మన పాక మీదికి రాళ్ళు రువ్వారు. అయ్యూబు కర్ర పట్టుకుని పాక ముందు కూర్చున్నాడు. "నాకూ కడుపు కాలుతోంది అత్తా. కానీ నా ఇంటి చూరు కింద ఉన్నవాణ్ణి కొట్టనిస్తే నాకు మొహం ఏముంటుంది?" అన్నాడు. ఆ పిల్లవాణ్ణి అల్లుడిగా తేవడానికి మీరు ఎంత వెనకాడారో గుర్తుందా?

లేచి తిరుగుతున్న మార్టెన్‌కి మన ఇంట్లో పుస్తకం ఉందని తెలిసిపోయింది. నా తప్పే. వాన వెలిసిన ఒక పూట అరుగు మీద విప్పి ఆకులు తిప్పుతూ ఆరబెట్టాను. అతను దూరం నుంచే చూసి, "మాలుమి పుస్తకమా అక్కా?" అన్నాడు. మూసేశాను. మళ్ళీ అడగలేదు. కానీ ఒకే ఓడవాళ్ళ మధ్య రహస్యం నిలుస్తుందా, నాలుగు రోజులకి వాళ్ళ కప్తాను మన గుమ్మంలోకి వచ్చి అత్తయ్యకి టోపీ తీసి వంగి, ఇల్లంతా కలయజూసి వెళ్ళాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. పెట్టెని వంటింటి అటక మీదికి మార్చాను.

ఇప్పుడు అసలు సంగతి.

నసీబాకి నెలలు నిండుతున్నాయి. తిండి లేక పిల్ల మొహం పాలిపోయింది. పౌర్ణమికి మూడు రోజుల ముందు గాలి కాస్త తగ్గినట్టనిపించింది. అయ్యూబూ ఇంకో ఆరుగురూ ఒక దోనె దింపారు. "మధ్యాహ్నానికి వచ్చేస్తా. మీ అమ్మాయికి తాజా చేప పెట్టాలి," అని నవ్వుతూ వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి తిరగబడింది. సాయంత్రానికి దోనె జాడ లేదు.

మర్నాడు పొద్దున్న కోట పడమటి గోడ మీద నిలబడ్డవాళ్ళు అరిచారు. పడమటి పగడపు గుట్టల అవతల, పోటు తగ్గితే తేలి పోటు పెడితే మునిగే ఇసుక దిబ్బ మీద మనుషులున్నారు. గుడ్డ ఊపుతున్నారు. ఏడుగురు వెళ్ళారు, ఆరుగురే కనిపించారు. ఏడోవాడు ముసలి దావూదు, రాత్రి పోటులో పోయాడని తర్వాత తెలిసింది. పౌర్ణమి దగ్గరపడుతోంది, పోటు పూటపూటకీ ఎత్తవుతోంది. సాయంత్రం పోటుకి మోకాళ్ళు దాటిన నీళ్ళలో ఎలాగో నిలబడ్డారనుకున్నా, రేపటి పోటు తలలు దాటిపోతుంది.

రెండు దోనెలు ప్రయత్నించాయి. ఒకటి గుట్టకి తగిలి ముక్కలైంది, మనుషులు ఈదుకుంటూ వచ్చారు. ఆ దారిలో తేట నీళ్ళుంటే మనవాళ్ళు రంగు చూసి నడుపుతారు. ఆ రోజు నీళ్ళు మజ్జిగలా ఉన్నాయి. గట్టు మీది గుర్తులు కలుపుకుంటూ పోతే తప్ప దారి లేదు. ఆ గుర్తులు తెలిసినవాళ్ళు ముగ్గురు. మీరు బాలేశ్వరంలో ఉన్నారు. ఇంకొకరు పన్ను పడవలతో ఉత్తరాన చిక్కుపడ్డారు. మూసా మాలుమి మంచంలో ఎవరినీ గుర్తుపట్టడం లేదు. ఆ అలలకి నిలబడే పడవ ఊళ్ళో ఒక్కటే ఉంది, వలందా వాళ్ళది, పన్నెండు తెడ్లది.

నేను మార్టెన్ దగ్గరికి వెళ్ళాను. అతను అప్పటికే చొక్కా బిగిస్తున్నాడు.

"పడవ నాది కాదక్కా. కప్తానుది. అడుగుదాం పద."

కప్తాను రేవు పాకలో ఉన్నాడు. మార్టెన్ చెప్పిందంతా విన్నాడు. నా వైపు చూసి మూడే మాటలన్నాడు. మార్టెన్ చెప్పలేక నేల చూశాడు.

"ఏమన్నాడు?"

"పడవ ఇస్తాడట. మనుషుల్ని ఇస్తాడట. తిరిగొచ్చాక పుస్తకం... ఒక్క రోజు. రాసుకుని ఇచ్చేస్తాడట."

"ఇస్తానని చెప్పు."

"అక్కా, ఆలోచించి..."

"ఇస్తానన్నానని చెప్పు! నీళ్ళు ఎక్కుతున్నాయి!"

చెప్పాను. అల్లా సాక్షిగా అని కూడా అన్నాను. మీకు ఏమీ దాచను.

ఇంటికి పరుగెత్తి అటక మీది పెట్టె దింపాను. నసీబా గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. అత్తయ్య "అది ఎవడి చేతికిస్తావే?" అంది.

"ఎవరి చేతికీ ఇవ్వను. నేనే వెళ్తున్నా."

పుస్తకంలో మీ పొడి అక్షరాలు నాకు తప్ప ఎవరికీ అప్పటికప్పుడు పట్టవు. సగం నా చేత్తోనే ఎత్తిరాశాను కదా. మైనపుగుడ్డలో చుట్టి నడుముకి కట్టుకున్నాను. గట్టు మీద రేవు పెద్ద యూసుఫ్ దీది గారు అడ్డం వచ్చారు.

"ఎక్కడికమ్మా?"

"దారి చూపించడానికి."

"నువ్వు చదివితే వాళ్ళు వింటారు."

"పైకి చదవను. చేయి చూపిస్తా."

"ఆ పొడుగువాడు మాలుమి. నీ చేయి ఎటు తిరిగిందో, అప్పుడు గట్టు మీద ఏ చెట్టు ఏ చెట్టు వెనక ఉందో వాడికి తెలుస్తుంది. డప్పు నువ్వూ విన్నావు."

"విన్నాను. మీ మేనల్లుడు కూడా ఆ దిబ్బ మీదే ఉన్నాడు, బాబాయ్."

ఆయన "వచ్చాక మాట్లాడదాం," అని అటు తిరిగి నిలబడ్డారు. నేను పడవ ఎక్కాను.

ఆ ప్రయాణం గురించి మీకు చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. ముప్ఫై ఏళ్ళుగా మీరు చేసేది నేను ఒక్క పూట చేశాను. మార్టెన్ చుక్కాని పట్టుకున్నాడు, నేను అతని ముందు గట్టువైపు తిరిగి కూర్చున్నాను. మసీదు మినారు రెండు జంట కొబ్బరిచెట్ల మధ్యకి వచ్చేదాకా ఎడమకి. కోట బురుజు కనిపించకుండా పోగానే కుడికి. నోరు మూసుకుని చేయి ఊపాను. ఒకచోట పేజీ తడిసి అక్షరం అలుక్కుపోయింది. ఎన్నిసార్లు తెడ్డు వేశాక మలుపు తిరగాలి? మీరు "ఏడు తెడ్లు" అని రాశారో "తొమ్మిది తెడ్లు" అని రాశారో తెలియలేదు. కళ్ళు మూసుకున్నాను. ఆ పేజీ ఎత్తిరాసిన రోజు మీరు పక్కన కూర్చుని వక్క నములుతూ చెప్పిన గొంతు వినిపించింది. తొమ్మిది. పడవ అడుగున పగడం గీరుకున్న చప్పుడు వచ్చింది. వెళ్ళిపోయింది.

దిబ్బ దగ్గరికి ఆనించడానికి వీల్లేకపోయింది. అలలు విరుగుతున్నాయి. ఆరుగురూ ఒకరి నడుములు ఒకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. కొర్నేలిసు నడుముకి తాడు కట్టుకుని దూకాడు. తాడు వాళ్ళకి అందించాడు. ఒక్కొక్కణ్ణీ ముందుకి తోశాడు. అయిదోవాడు అయ్యూబు. వాణ్ణి పడవ అంచు మీదికి ఎత్తింది కొర్నేలిసు భుజమే. ఆరోవాణ్ణి లాగుతుండగా పెద్ద అల వచ్చింది. తాడు గుట్టకి ఒరుసుకుని తెగింది. ఆరోవాడు మా చేతిలో ఉన్నాడు. కొర్నేలిసు లేడు. ఎర్ర గడ్డం ఒక్కసారి తేలింది. మార్టెన్ పేరు పెట్టి అరిచాడు. రెండోసారి తేలలేదు.

ఇంకాసేపు అక్కడే ఉంటే అందరం పోయేవాళ్ళం. తిరిగాం. ఆ పదకొండు మంది ఏడుస్తూనే తెడ్లు వేశారు. వాళ్ళలో ఒక్కడూ నా వైపు చూడలేదు.

ఇప్పటిదాకా రాసింది ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఇప్పుడు రాసేది మొన్నటిదాకా ఇద్దరికే తెలుసు.

లోపలి నీళ్ళలోకి వచ్చేసరికి గట్టు మీద ఎవరెవరున్నారో కనిపించింది. కప్తాను ముందు నిలబడ్డాడు. పక్కన అతని గుమాస్తా, చంకలో కాగితాల కట్ట. వాళ్ళ మనిషి పోయాడని ఇంకా తెలియదు. నాకు మాత్రం అప్పటిదాకా బుర్రకెక్కనిది అప్పుడు ఎక్కింది. ఒక్క రోజు. ఒక్క రోజు చాలు. మూడు తరాలు చీకటిలో తడుముకుని, మునిగి, తేలి రాసుకున్న దారులన్నీ ఒక్క రోజులో కొలంబో కోటకి పోతాయి. వచ్చే ఏడు విరిగిన కొయ్యతో ఒక్క ఓడ రాదు, తుపాకులతో పది ఓడలు వస్తాయి. ఇస్తానని అల్లా పేరు మీద అన్నాను. ఆ మాట నమ్మి దూకినవాడు నీళ్ళలో ఉన్నాడు. ఇవ్వకపోతే నేనేమిటి? ఇస్తే నేనేమిటి?

తెడ్ల వాళ్ళు తలలు వంచుకుని ఉన్నారు, మనవాళ్ళు పడవ అడుగున సోలిపోయి ఉన్నారు. నడుము ముడి విప్పాను. పుస్తకాన్ని పడవ అంచు మీదుగా జారవిడిచాను. అల తీసుకుపోలేదండీ. నేనే వేశాను. మీ తాతగారి రాత, మీ నాన్నగారి రాత, మీ రాత, నా రాత. మైనపుగుడ్డ వల్ల వెంటనే మునగలేదు. కాసేపు పడవ వెంటే వచ్చింది. చూస్తూ కూర్చున్నాను. నా జీవితంలో అంత పొడుగు ఘడియ లేదు.

తలెత్తితే మార్టెన్ నన్నే చూస్తున్నాడు. అంతా చూశాడు. చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో తేలుతోంది. అది మునిగేదాకా అతను చుక్కాని మీది చెయ్యి తీయలేదు.

గట్టెక్కగానే కప్తాను చెయ్యి చాపాడు. మార్టెన్ ముందుకొచ్చి వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. కప్తాను అతణ్ణి చెంప మీద కొట్టాడు, అందరి ముందూ. మార్టెన్ కదల్లేదు. తర్వాత నా వైపు తిరిగి సింహళంలో, యూసుఫ్ దీది గారికి కూడా వినబడేలా అన్నాడు: "దిబ్బ దగ్గర పెద్ద అల వచ్చింది కదక్కా, కొర్నేలిసుతోపాటే పోయింది పుస్తకం."

నేను తల ఊపాను. అదొక్కటే నేను చేసింది. తల ఊపడం.

మూడో రోజున కొర్నేలిసు తూర్పు ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. వాళ్ళ మతం ప్రకారం పాతిపెట్టుకోవడానికి సుల్తాను పక్క దీవిలో చోటిచ్చాడు. రాళ్ళు రువ్విన పేటే వెనక నడిచింది. అత్తయ్య పడవ దాకా వచ్చి, "ఒరేయ్ ఎర్రగడ్డం, నీతో జగడం తీరనే లేదు కదరా," అని అక్కడే కూలబడింది.

నసీబాకి పదో రోజున పురుడు వచ్చింది. మార్టెన్ పాకలో ఉన్నన్నాళ్ళూ నేను అతని ముందు తల ఎత్తలేకపోయాను. ఒకసారి తెగించి అడిగాను, "ఎందుకు అబద్ధం చెప్పావు?" అని. "నువ్వు గంజి పోసిన రోజుల్లో నా పేరు కూడా నాకు తెలియదక్కా. నువ్వు నన్ను ఎవరని పోశావు?" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "నీ చేయి ఎటు తిరిగిందో నాకు గుర్తుంది. కాగితం మీద పెట్టను." నమ్మానో లేదో ఇప్పటికీ నాకే తెలియదు. మీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

గాలి మెత్తబడింది. వాళ్ళ ఓడకి చుక్కాని తిరిగి ఎక్కించే రోజులొచ్చాయి. సరిగ్గా అప్పుడే యూసుఫ్ దీది గారు మన అరుగు మీదికి వచ్చారు. "అమ్మా, పుస్తకం అల తీసుకుపోయిందని ఖురాను మీద చెయ్యి పెట్టి చెప్పు. అంతటితో నీ మీద మాట పోతుంది. నేనూ అదే కోరుకుంటున్నా."

అబద్ధ ప్రమాణం చేయలేను. నిజం చెబితే ఆ మాట ఓడ దాకా పోతుంది, కప్తాను మార్టెన్‌ని బతకనివ్వడు. నేను నేల చూస్తూ, "ఇప్పుడు ముట్టుకోకూడదు బాబాయ్. నాలుగు రోజులు ఆగాలి," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

లోపల్నుంచి అత్తయ్య కేకేసింది. "ఏమయ్యా యూసుఫూ, ఆడదాని నెలసరి కూడా నీ రేవు లెక్కల్లోకి రావాలా? గడ్డం నెరిసింది, సిగ్గు నెరవలేదా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి వెళ్ళిపోయారు. మూడో రోజు పొద్దున్న వలందా ఓడ వెళ్ళింది. ఊరంతా గట్టు మీదికి వచ్చింది. నేను వెళ్ళలేదు. ఓడ కొయ్యలు కనుమరుగయ్యాయని అయ్యూబు వచ్చి చెప్పాక ముఖం కడుక్కుని కాజీ గారి దగ్గరికి నడిచాను. మీకు రాసినదంతా, ఒక్క ముక్క తగ్గకుండా చెప్పాను.

పరాయివాళ్ళకి దారి చూపినందుకు ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష అన్నారు. ఆ ఆరుగురి తల్లులూ పెళ్ళాలూ కోట ముందు కూర్చున్నారు. నన్ను బావి దగ్గర వెక్కిరించిన కుబ్రా కూడా ఉంది. రెండు రోజులు లేవలేదు. సుల్తాను ఒక ఏడాదికి తగ్గించారు. "దారి చూపినందుకు ఏడాది. పుస్తకం అడగడానికి దాని యజమాని ఉన్నాడు, ఆ తీర్పు అతనిది," అన్నారట. కాబట్టి అది మీ చేతిలో ఉంది.

ఎల్లుండి నన్ను దక్షిణాన హువదు దీవులకి తీసుకెళ్ళే పడవ బయలుదేరుతుంది. ఈ ఉత్తరం తెచ్చే బెంగాలు ఓడ రేపు. అయ్యూబు, నసీబా ఇల్లు చూసుకుంటారు. పసిదానికి పేరు మీరొచ్చేదాకా పెట్టనంటోంది నసీబా, అప్పటిదాకా "చిట్టీ" అని పిలుస్తున్నాం.

అత్తయ్యకి పుస్తకం సంగతి నేనే చెప్పాను. అది ఆవిడ మామగారు మొదలుపెట్టింది. ఒక రోజంతా నాతో మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్న నన్ను దగ్గరికి పిలిచి, నా తల మీద చెయ్యి వేసి, "మా ఆయన ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకునే పెరిగాడు. అయినా సముద్రంలోనే పోయాడు. అది చదివి గట్టుకి చేర్చింది నువ్వే," అంది. తర్వాత తన గుడ్డల మూట తెచ్చి నా మూట పక్కన పెట్టింది. "ఆ పడవలో నాకూ చోటుందేమో కనుక్కో. కోడల్లేని ఇంట్లో ఎవరిని తిట్టుకుంటూ బతకను?" అంది. ఎంత చెప్పినా వినలేదు. మీ అమ్మగారిని ఈ వయసులో అంత దూరం తీసుకెళ్తున్నందుకు కూడా క్షమించండి.

మీరు తిట్టాలనుకుంటే ఆ హక్కు మీకుంది. నన్ను వదులుకోవాలనుకున్నా ఆ హక్కూ మీకుంది. ఒక్కటే అడుగుతున్నాను. ఏదైనా నా ఎదురుగా వచ్చి, నా మొహం చూసి చెప్పండి. కాగితం మీద పంపితే నేను విప్పను.

ఇట్లు,
తప్పని తెలిసీ చేసి, ఆ పూట మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేసే
మీ ఇల్లాలు రాహిలా